ముందుగా వచ్చిన నీడ

దిబ్బూరహళ్ళిలో అమరనాథ్ వాళ్ళింటికి ఎవరొచ్చినా ముందు చెప్పులు విప్పాలి, కాళ్ళు కడుక్కోవాలి, ఆ తర్వాతే పురుగుల షెడ్డు గడప దాటాలి. సెంటు పూసుకొని వచ్చినవాళ్ళని సుబ్బలక్ష్మమ్మ వాకిట్లోనే నిలబెట్టేస్తుంది, సొంత తమ్ముడైనా సరే. పట్టుపురుగు కొత్తల్లుడి కంటే నాజూకు, అలిగిందంటే ఆకు ముట్టదు, ఆకు ముట్టకపోతే గూడు కట్టదు అని ఆమె వాదన. ఆ ఇంట్లో మనుషుల తిండీ నిద్రా కూడా పురుగుల వేళ చూసుకొనే జరుగుతాయి. తెల్లవారుతూనే మల్బరీ ఆకు కోసుకురావాలి, తట్టల్లో పరచాలి, చెత్త తీయాలి, మధ్యాహ్నం మళ్ళీ ఆకు, సాయంత్రం మళ్ళీ ఆకు. పొర విడిచే ముందు పురుగులు తల ఎత్తి కదలకుండా పడుకుంటాయి. ఆ పడకను ఈ వైపు జ్వరం అంటారు. నాలుగు జ్వరాలు దాటిందంటే పురుగు గండం గట్టెక్కినట్టే.

ఇన్ని పనుల మధ్య ఆ ఇంటి కొడుకు అమరనాథ్ తన చెవులు రెండూ ఆకాశానికి అప్పగించి తిరిగేవాడు. ముప్పై ఆరేళ్ళ మనిషి. ఆకు కోస్తూ కోస్తూ పైన ఎక్కడో సన్నగా మోత వినబడితే చాలు, కొడవలి ఆగిపోయేది. విమానం కంటికి కనబడకముందే పేరు చెప్పేసేవాడు. ఇది సుఖోయ్, మోత కడుపులోకి దిగుతుంది. ఇది జాగ్వార్, ఈల వేసుకుంటూ పోతుంది. ఇది తేజస్, మనదే, బెంగళూరులో పుట్టిన బిడ్డ. గురక పెట్టుకుంటూ పోయేది ఆంటోనోవ్, సామాన్లు మోసేదే గానీ మనసు మంచిది. సామాన్లు మోసే విమానానికి మనసు మంచిదని చెప్పేవాణ్ణి ఎవరైనా ఏమంటారు? ఊళ్ళోవాళ్ళు ఏమీ అనడం మానేశారు. చిన్నప్పుడు వాయుసేనలో చేరాలని బెంగళూరు పోయి, రాత పరీక్షలో నెగ్గి, ఛాతీ కొలతలో వేలెడు తగ్గి తిరిగొచ్చాడు. "ఛాతీ లేకుంటే ఏమప్పా, చెవులుండాయి గదా నీకు" అని వాళ్ళ నాయన ఆంజనేయప్ప ఓదార్చాడు. ఆయన ఓదార్పులు ఎప్పుడూ అలాగే ఉంటాయి.

ఫిబ్రవరిలో యలహంకలో విమానాల ప్రదర్శన జరిగే రోజుల్లో ఈ వైపు ఆకాశం తిరునాళ్ళ వీధిలా సందడిగా ఉంటుంది. అమరనాథ్ కు అన్నం మీద ధ్యాస ఉండదు. ఈసారి ప్రదర్శన ముగిసిన రోజు జంటలు జంటలుగా విమానాలు ఊరి మీదుగా పోయాయి. అన్నీ పోయి, మోత నంది కొండల అవతల సద్దుమణిగాక, తోటకు నీళ్ళు వదలడానికి పోయిన ఆంజనేయప్ప తిరిగొచ్చి మిద్దె మీదున్న కొడుకును పిలిచాడు.

"ఏమప్పా అమరా, నీ విమానాలోళ్ళు ఏదో మరిచిపోయి పోయినట్టుండారే. మన చేలో పడుండాది, చూడు."

చేలో పడి ఉన్నది ఒక విమానం నీడ. మల్బరీ సాళ్ళ మీద ముక్కు తూర్పుకు పెట్టి, రెక్కలు చాచుకొని పడుకుంది. పైన విమానం లేదు, మబ్బు కూడా లేదు. పొద్దు నడినెత్తికి వచ్చినా, పడమటికి వాలినా నీడ మాత్రం జానెడు కూడా కదల్లేదు. మరునాడూ అక్కడే ఉంది. ఆ మరునాడూ అంతే.

ఊళ్ళో దీని గురించి పెద్ద చర్చేమీ జరగలేదు. ఎవరి ఎద్దో తాడు తెంచుకొని వచ్చి మన చేలో పడితే ఏం చేస్తాం? ఎవరిదో వాళ్ళే వెతుక్కుంటూ వస్తారని ఊరుకుంటాం. పంచాయితీ మెంబరు ఒకసారి వచ్చి, నీడను ఆ కొస నుంచి ఈ కొసకు చూసి, "ఆకు తినదు, నీళ్ళు తాగదు, ఉండనీలే అంజప్పా" అని చెప్పి పోయాడు. సుబ్బలక్ష్మమ్మ ఒక్క నియమం పెట్టింది. ఎవరి వస్తువో ఏమో, చెప్పులతో తొక్కకూడదు. ఎండలు ముదిరే కొద్దీ నీడకు గిరాకీ పెరిగింది. పక్కింటి పుట్టమ్మ రోజూ సంగటి గిన్నె పట్టుకొని కుడి రెక్క కిందికి వచ్చి కూర్చునేది. ఎడమ రెక్క కింద చీమలు ఎక్కువని ఆమె ఫిర్యాదు.

మనశ్శాంతి పోయింది ఒక్క అమరనాథ్ కే. ఆ నీడ ఏ విమానానిదో అతనికి తెలియలేదు. రెక్కలు వెనక్కి కాకుండా ముందుకు వాలి ఉన్నాయి. అట్లాంటివి రష్యావాళ్ళూ అమెరికావాళ్ళూ చేసి చూసి మానేశారని అతనికి తెలుసు, కానీ వాటికి తోక ఉంటుంది, దీనికి తోకే లేదు. ముక్కు దగ్గర చేప మొప్పల్లా రెండు చిన్న రెక్కలున్నాయి. డ్రిప్పు పైపు పరిచి కొలిచాడు. ఫోన్లో ఉన్న బొమ్మలన్నీ తిరగేశాడు. పేరు తెలియని చుట్టం ఇంట్లో వచ్చి కూర్చున్నట్టయింది అతని పని. పొమ్మనలేడు, ఎవరని అడగనూ లేడు.

ఇక పెళ్ళి సంగతి. ఈ కాలంలో సేద్యం చేసేవాడికి పిల్లనిచ్చేవాళ్ళే కరువు. పట్టుపురుగుల ఇల్లంటే ఇంకా భయం, పగలూ రాత్రీ ఆకు కోత అని. అయినా అమరనాథ్ కు రెండు సంబంధాలు దాదాపు కుదిరాయి, రెండింటినీ విమానాలే ఎత్తుకుపోయాయి. మిట్టేమరిలో పిల్ల వచ్చి ఎదురుగా కూర్చున్న క్షణాన పైన సుఖోయ్ జంట పోయింది. ఇతను కాఫీ గ్లాసు కింద పెట్టి వీధిలోకి ఉరికాడు. తనను చూసి పారిపోయాడనుకొని ఆ పిల్ల ఏడ్చింది. బాగేపల్లిలో అయితే తాంబూలాలు మార్చుకునేదాకా వచ్చింది. పళ్ళెం చేతిలో ఉండగా తల పైకెత్తాడు. టెంకాయ జారి పిల్ల తాత కాలి మీద పడింది. ముసలాయన కాలు బాగయింది గానీ సంబంధం బాగవలేదు.

అందుకే బంధువు దేవరాజ్ బట్లహళ్ళి నుంచి మూడో సంబంధం తెచ్చినప్పుడు సుబ్బలక్ష్మమ్మ కొడుకును దేవుడి గూటి ముందుకు పిలిచింది.

"ఇట్ల రా. నా నెత్తిన చెయ్యి పెట్టు. పెండ్లి కుదిరేదాకా విమానం కోసరం నువ్వు తల పైకెత్తగూడదు. ఎత్తితే నా మీద ఒట్టు."

"అమ్మా, ఇదేం ఒట్టమ్మా..."

"నీకు నగుబాటుగా ఉండాదేమో. నేను పోయినాంక ఈ ఇంట్లో నువ్వొక్కడివే, పురుగులొక్కటే. అది తలుచుకుంటే నాకు నిద్ర పట్టదు నాయనా."

అమరనాథ్ చెయ్యి పెట్టాడు. తల్లి మీద ఒట్టంటే ఆడిన మాట తప్పితే ఆమెకే కీడు. దాన్ని నమ్మనని చెప్పేవాళ్ళు కూడా తమ తల్లి నెత్తిన చెయ్యి పెట్టి చెప్పరు. ఆ రోజు నుంచి అతను నేల చూస్తూ తిరగసాగాడు. చెవులకు ఒట్టు లేదు కాబట్టి మోత వినబడేది, మెడ దానంతటదే లేవబోయేది, పళ్ళ బిగువున కిందికి దించుకునేవాడు. కొడుకు బుద్ధిమంతుడయ్యాడని తల్లి సంతోషించింది. తండ్రికి మాత్రం దిగులేసింది, కాడి మోయని ఎద్దు మెడ వంచుకొని నడుస్తుంటే చూడబుద్ధి కానట్టు.

బట్లహళ్ళి పిల్ల పేరు వినుత. ముప్పై ఒకటి. చింతామణిలో చాకీ సెంటరులో పని, అంటే గుడ్డు పగిలిన పురుగులను రెండో జ్వరం దాకా సాకి రైతులకిచ్చే చోటు. పురుగుల్ని సాకడం ఆమెకు చేతనైన పని, కథలు ఆమె ప్రాణం. అవి కూడా మామూలు కథలు కాదు. వేరే గ్రహాల మీద సేద్యం, కాలంలో వెనక్కి పోయే బండ్లు, మాట్లాడే యంత్రాలు. గ్రంథాలయంలో అట్లాంటి పుస్తకాలన్నీ అయిపోతే తానే కథలు అల్లి ఫోన్లో రికార్డు చేసి స్నేహితురాళ్ళకు పంపేది. పెళ్ళిచూపులకు వచ్చినవాళ్ళను ఆమె ఒక్కటే ప్రశ్న అడిగేది. కాలంలో వెనక్కి పోయే వీలుంటే ఏ కాలానికి పోతారు? ఇరవై ఏళ్ళు వెనక్కి పోయి దేవనహళ్ళిలో భూములు కొంటామని అందరూ ఒకే మాట చెప్పారు. విమానాశ్రయం వచ్చాక అక్కడి భూముల ధర ఈ సీమలో అందరికీ తెలిసిందే. వినుత అందరినీ వద్దంది.

ఒకరోజు మధ్యాహ్నం ఆమే అమరనాథ్ కు ఫోన్ చేసింది. అతను తల్లితో కలిసి ఆకు తరుగుతున్నాడు.

"అమరనాథ్ గారా? నేను వినుతను, బట్లహళ్ళి. మీ చేలో నీడ ఉండాదంట, నిజమేనా?"

"ఆ, ఉండాదండి."

"ఏ విమానానిది?"

అమరనాథ్ గొంతులో మాటలన్నీ ఒక్కసారిగా తోసుకొచ్చాయి. ముందుకు వాలిన రెక్కలు, లేని తోక, ముక్కు దగ్గర మొప్పలు. ఎదురుగా సుబ్బలక్ష్మమ్మ కత్తి ఆపి అతని నోటి వైపే చూస్తోంది.

"తెలీదండి" అన్నాడు.

"మీకు తెలీకపోవడమేంది? మిట్టేమరిలో మా చిన్నమ్మ ఉండాది. కాఫీ వదిలేసి పరుగెత్తింది మీరే గదా?" ఆమె గొంతులో నవ్వుంది, కానీ ఎగతాళి లేదు.

"అది అప్పుడండి. ఇప్పుడు అవన్నీ మానేసినాను. నాకు విమానాల మీద ఆసక్తి ఏమీ లేదు."

"అట్లనా" అంది వినుత. "నేనొకటి అనుకుంటాన్నా. నక్షత్రం వెలుతురు ఎప్పుడో బయలుదేరి మనకాడికి ఆలస్యంగా వస్తాది గదా. వెలుతురు ఆలస్యంగా వస్తే, నీడ ముందుగా ఎందుకు రాగూడదు? అది ఇంకా ఎవరూ తయారు చెయ్యని విమానం నీడేమో. మిమ్మల్ని అడుగుదామనుకొన్యా. పోనీలెండి, మీకు ఆసక్తి లేదంటిరి."

ఫోన్ పెట్టేసింది. అమరనాథ్ చేతిలో ఆకు చేతిలోనే ఉండిపోయింది. ఇన్నాళ్ళూ ఏ పుస్తకంలోనూ ఏ బొమ్మలోనూ దొరకని జవాబు ఎవరో ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క మాటలో చెప్పింది, ఆ మనిషికి తాను అబద్ధం చెప్పాడు. ఒంటరిగా ఉండటం అతనికి అలవాటే. ఆ రోజు మాత్రం అది ఛాతీలో బరువుగా తెలిసింది.

"బాగా మాట్లాడినావు నాయనా" అని తల్లి మెచ్చుకుంది.

అక్కడ బట్లహళ్ళిలో వినుత ఈ సంబంధం వద్దని తండ్రికి చెప్పేసింది. తండ్రి మునినారాయణ మాట ఇచ్చి తప్పే మనిషి కాదు. ఇల్లు చూసేదానికి వస్తామని దేవరాజ్ తో చెప్పేశాను, చూసొచ్చి వద్దంటే పోతుందన్నాడు. సరే, ఇంటిని నువ్వు చూడు, నేను నీడను చూసొస్తా అని బయలుదేరింది ఆమె.

దేవరాజ్ పంచాంగం చూసి మంచి దినం పెట్టాడు. పురుగుల దినం చూడలేదు. అది చూడాల్సిన సుబ్బలక్ష్మమ్మ నాలుగో జ్వరం నుంచి లెక్కేసి, పురుగులు పండటానికి ఇంకో రోజుందని ధీమాగా ఉంది. ఎండ ఆమె లెక్కను తిరగేసింది. చుట్టాలు వచ్చే రోజు పొద్దున్నే షెడ్డులోకి పోయి చూస్తే పురుగులు ఆకు ముట్టడం మానేసి, తెలుపు పోయి తేనె రంగుకు తిరిగి, తలలెత్తి గూడు కట్టే చోటు కోసం అటూ ఇటూ ఊపుతున్నాయి. పండిన పురుగు ఆగదు. పూట లోపల ఏరి చంద్రికల మీద, అంటే గుండ్రంగా మడత పెట్టిన వెదురు చాపల మీద, వదలకపోతే దొరికిన చోటే దారం తీసి పాడు చేసుకుంటుంది. పైగా కరెంటు పోయింది. ఫ్యాన్లు ఆగిపోయి రేకుల షెడ్డు పెనంలా కాగుతోంది. పుట్టమ్మా ఇంకో నలుగురూ పరుగున వచ్చి తట్టల చుట్టూ కూర్చున్నారు.

ఆ గందరగోళంలో వాకిట్లో ఆటో ఆగింది. రెండు చేతుల నిండా పురుగులతో, కొంగు నడుముకు చుట్టుకొని ఎదురు వచ్చిన సుబ్బలక్ష్మమ్మకు ఏడుపొక్కటే తక్కువ.

"రాండప్పా, రామ్మా. ఏమనుకోవద్దండి. ఈ పొద్దే పండిపోయినాయి."

మునినారాయణ మొహం ముడుచుకొని అరుగు మీద కూర్చున్నాడు. వినుత మాత్రం ఎవరూ చెప్పకుండానే చెప్పులు విప్పి, కాళ్ళు కడుక్కొని, తలలో మల్లెపూలు తీసి గోడ మీద పెట్టి, షెడ్డులోకి వచ్చి రేకు మీద అరచెయ్యి ఆనించింది.

"అమ్మా, ఈ వేడిలో చంద్రికలు పెడితే గూడు పలచనైపోతాది. యాడన్నా చల్లని చోటుండాదా?"

అందరికీ ఒకేసారి తట్టింది. నిమిషాల్లో చంద్రికలు షెడ్డు దాటి తోటలోకి నడిచాయి. నీడ ముక్కు మొదలుకొని రెక్కల కొసల దాకా మల్బరీ సాళ్ళకు ఆనించి నిలబెట్టారు. ఆ నీడలో బావి గట్టున కూర్చున్నంత చల్లగా ఉంది. షెడ్డులో ఉన్నవాళ్ళు ఏరి తట్టలందిస్తుంటే, అమరనాథ్, వినుత బయట చెరొక చంద్రిక ముందు కూర్చొని పురుగుల్ని వెదురు మడతల్లో వదులుతున్నారు. అతను తల ఎత్తలేదు. ఆమె మధ్య మధ్యలో చెయ్యి ఆపి నీడ అంచుల వెంబడి చూపు పారిస్తోంది.

"ఎంత పొడుగుంటాదో!" అంది తనలో తాను.

"డ్రిప్పు పైపుతో కొలిస్తే ఆ గట్టు నుంచి..." అనేసి అమరనాథ్ నాలుక కరుచుకున్నాడు.

వినుత అతని వైపు తిరిగి చూసింది.

పొద్దు పడమటికి వాలి ఎండలో పస తగ్గే వేళకు చప్పుడు మొదలైంది. సన్నగా, దట్టంగా, ఆకుల మీద వాన పడుతున్నట్టు. షెడ్డులోనుంచి పుట్టమ్మ "వానొస్తాండాది" అని కేకేసింది. పట్టుపురుగులు వేల నోళ్ళతో ఆకు తింటున్నప్పుడు కూడా ఇదే చప్పుడు వస్తుంది. కానీ పండిన పురుగులు ఆకు తినవు. తట్టలన్నీ నిశ్శబ్దంగా ఉన్నాయి. చప్పుడు పైనుంచి వస్తోంది.

అమరనాథ్ చెవులు రిక్కించాడు. ఇన్నేళ్ళలో ఇట్లాంటి ఇంజను మోత అతను వినలేదు. ఎదురుగా నేల మీద నీడ అంచులు పదునెక్కుతున్నాయి. బూడిద రంగు నలుపవుతోంది. పైనున్నది కిందికి దిగుతోందన్నమాట. నీడ గలవాళ్ళు నీడ కోసం వచ్చారు. అతని మెడ నరాలు పొంగాయి. రెండు చేతులతో చంద్రిక వెదురును గట్టిగా పట్టుకున్నాడు.

"వినుత గారూ" అన్నాడు నేలకేసి చూస్తూనే. "మీరు పైకి చూడండి. బిరీన చూడండి."

"మీరు?"

"నేను చూడగూడదు. మా అమ్మ మీద ఒట్టుండాది. ఫోన్లో మీకు అబద్ధం చెప్పినాను. తిట్టేది తర్వాత తిడుదురు, ముందు చూడండమ్మా! ముక్కు మొన ఎట్లుండాదో చూడండి. గాలి పీల్చే నోర్లు కిందుండాయా పక్కలుండాయా చూడండి. ఇంజన్లెన్నో చూడండి. రెక్క కొసన దీపముంటే ఏం రంగో..."

వినుత ఒళ్ళోని తట్ట దించి లేచి నిలబడింది. నీడ మధ్యలోకి పరుగెత్తి తల వెనక్కి వాల్చింది. నోరు తెరిచి అలాగే ఉండిపోయింది.

"చెప్పండి!" అన్నాడు అమరనాథ్.

"ఉండండి, చూస్తాండాను."

వానకు చంద్రికలు తడిసిపోతాయని సుబ్బలక్ష్మమ్మ షెడ్డు గుమ్మంలోకి పరుగెత్తుకొచ్చింది. వాన లేదు. రేకుల చూరు అడ్డంగా ఉండి ఆమెకు ఆకాశం కనబడలేదు. తోట కనబడింది, తోటలో కొడుకు కనబడ్డాడు. ఇల్లు చూడొచ్చిన పిల్ల ఆకాశాన్ని చూస్తుంటే, ఆకాశం కోసమే పుట్టిన తన కొడుకు చంద్రిక మీదికి తల వంచుకొని కూర్చున్నాడు. చెంపల మీది నీళ్ళు పురుగుల మీద పడకుండా మొహం పక్కకు తిప్పుకుంటున్నాడు. కొడుకు ఒంటరివాడు కాకూడదని ఒట్టు పెట్టింది ఆమె. ఆ ఒట్టు వల్లే ఇంత ఒంటరిగా కూర్చుంటాడని ఆమె అనుకోలేదు. చుట్టాలు అరుగు మీదున్నారు, ఏమనుకుంటారోనని ఒక్క క్షణం తటపటాయించింది. ఆ ఒక్క క్షణంలోనే నీడ మల్బరీ ఆకుల మీదనుంచి మెల్లగా లేచింది, పడుకున్న బిడ్డ మీది దుప్పటి తీసినట్టు.

"అమరా! ఒట్టు తీసి గట్టున పెట్టినా రా! చూడు నాయనా, చూడు!" అని అరుస్తూ ఆమె తోటలోకి ఉరికింది.

అమరనాథ్ తల ఎత్తాడు. పైన నీలంగా ఆకాశం ఉంది. అంతే, ఇంకేమీ లేదు. చప్పుడు కూడా నిలిచిపోయింది. చంద్రికల మీద సాయంత్రపు పలచని ఎండ పడుతోంది.

"నా నోరు పడిపోను! ఇంకొంచెం ముందు అనుంటే..." సుబ్బలక్ష్మమ్మ నెత్తి కొట్టుకుంది. "నీ పెండ్లి కోసరమని నీ కండ్లు కట్టేసినాను గదరా."

"పోనీలేమ్మా" అన్నాడు. అతనికి కోపం రాలేదు. తల్లి చెయ్యి పట్టుకొని గట్టు మీద కూర్చోబెట్టాడు. తర్వాత వినుత వైపు తిరిగాడు. "ఇంజన్లెన్ని?"

"ఇంజన్లు తర్వాత. మొదట్నుంచి చెప్తా, అడ్డం రావద్దండి." వినుత మళ్ళీ చంద్రిక ముందు కూర్చుంది. ఆమె కళ్ళు కూడా తడిగానే ఉన్నాయి. "ముందు రంగు. తెలుపు గాదు, బూడిద గాదు. పండిన పురుగును వెలుతురుకు పట్టుకుంటే లోపల దారం కనబడతాది చూడండి, అట్ల. లోపలుండేది బయటికి అవుపిస్తాండాది..."

ఆమె చెబుతుంటే అమరనాథ్ కళ్ళు మూసుకొని విన్నాడు. అడ్డం రావద్దన్నా అడ్డం వచ్చాడు. గాలి నోర్లు గుండ్రమా పలకలా అని అడిగాడు. ఆమె పురుగు పట్టుకున్న చేత్తోనే గాలిలో గీసి చూపించింది. అట్లయితే లోపల తిరిగే ఇంజను కింది నుంచి కనబడకూడదనే అట్ల పెట్టినారని అతను చెప్పాడు, అందుకేనా అని ఆమె ఆశ్చర్యపడింది. తాను చూసిందేమిటో అతను చెబితే గాని ఆమెకు తెలియదు, తాను చూడనిది ఆమె చెబితే గాని అతనికి తెలియదు. తట్టలు ఖాళీ అవుతున్నాయి. సుబ్బలక్ష్మమ్మ గట్టు మీద నుంచి లేవకుండా ఇద్దరినీ చూస్తోంది.

అరుగు మీది మునినారాయణకు ఓపిక నశించింది. లేచి తోట దాకా వచ్చాడు.

"అమ్మా వినుతా, ఇల్లు చూసేసినాము. పోదాం పా. చింతామణి బస్సు పోతాది."

"నువ్వు పో నాయనా" అంది వినుత తల తిప్పకుండా. "నేనింకా రెక్కల కాడే ఉండాను."

మునినారాయణ కూతురిని చూశాడు. వచ్చిన ప్రతివాణ్ణీ ఒక్క ప్రశ్నతో పంపేసే తన కూతురు ఇప్పుడు ఒకడి ప్రశ్నలకు వరసగా జవాబులు చెబుతోంది, విసుగు లేకుండా, మోచేతుల దాకా పట్టుదారం అంటించుకొని. ఆయన వెనక్కి తిరిగి, నీళ్ళ తొట్టి దగ్గర ఆగి చెంబు ముంచుకున్నాడు.

"ఏమమ్మా సుబ్బలక్ష్మమ్మా" అని పిలిచాడు. "సంగటి ఏమన్నా మిగిలుండాదా? ఆకలైతాండాది."

పిల్లనిచ్చేవాళ్ళు సంబంధం కుదిరేదాకా పిల్లవాడి ఇంట్లో చెయ్యి కడగరు. మెతుకు ముట్టారంటే మాట ఇచ్చినట్టే. సుబ్బలక్ష్మమ్మ దిగ్గున లేచి, పుట్టమ్మను కేకేస్తూ, పప్పులో తాలింపు లేదని గాబరా పడుతూ, ఒట్టు సంగతి గట్టు మీదే వదిలేసి వంటింటికి పరుగెత్తింది. ఆంజనేయప్ప కొత్త వియ్యంకుడి చేతుల మీద నీళ్ళు పోశాడు.

తోటలో ఇద్దరే మిగిలారు. అమరనాథ్ గొంతు తగ్గించి అడిగాడు.

"నడిపేవాళ్ళు అవుపించినారా?"

వినుత చెయ్యి ఆగింది. అతని మొహంలోకి చూసింది, వంటింటి గుమ్మంలో హడావిడి పడుతున్న సుబ్బలక్ష్మమ్మను చూసింది, మళ్ళీ అతన్ని చూసింది. ఆ ముక్కూ ఆ గడ్డమూ ఇందాకే పైన చూసినట్టుగా చూసింది.

"అవుపించింది" అంది. "ఒకామె. చెయ్యి ఊపింది నాకు."

"ఎవరు? ఎట్లుండాది?"

"అది ఇప్పుడు చెప్పను. దానికింకా చానా ఏండ్లు పడతాది."

చెవుల దాకా ఎర్రబడి ఆమె తల వంచుకుంది. అమరనాథ్ మళ్ళీ అడగలేదు. తట్టలో అడుగున కొన్ని పురుగులు ఇంకా తలలెత్తి ఊపుతున్నాయి. తట్టను ఆమెకు అందేలా దగ్గరికి జరిపాడు. చీకటి పడేలోగా వాటికీ చోటు చూపించాలని ఇద్దరూ చెరో పక్క నుంచి ఏరసాగారు.